మడమ తిప్పమనే మనిషి

కొండలను వాటి చోట నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఆ కొండలు ఎక్కి దిగడానికి మనకు పాదాలిచ్చిన ప్రభువుకు స్తోత్రం. పాదానికి వెనకవైపున, ఎవరూ పట్టించుకోని చోట, మడమ అనేదాన్ని పెట్టినందుకు ఆయనకు నేను విడిగా ఇంకొక స్తోత్రం చెల్లిస్తున్నాను. ఆ మూడో స్తోత్రం ఎందుకో ఇది చివరిదాకా చదివినవారికి తెలుస్తుంది.

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో మా మందిరానికి కొంచెం ఆలస్యంగా వెళ్లాను. లోపల రెండో పాట మొదలైంది. గుమ్మం బయట చెప్పులు విడిచే చోట, హవాయి చెప్పుల మధ్య, ఎవరో కొత్తగా వచ్చిన యువకుడి బూట్లు ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగి అడుగు భాగం కనిపిస్తోంది. పాదం ముందుభాగం ఆనే చోట, రెండు మరలతో బిగించిన చిన్న ఇనుప బిళ్ల. తెలియనివాళ్లు చూస్తే బూటుకు ఏదో గుచ్చుకుందనుకుంటారు. నేను చెప్పులు విడవడం మరిచి అక్కడే నిలబడిపోయాను. నా కుడికాలి మడమ దానంతట అదే బయటికి తిరిగింది.

ఆ తిప్పడం నేర్పిన మనిషి ప్రభువు దగ్గరికి వెళ్లి రెండేళ్లయింది. నా కాలికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆయన ఇల్లు ఆళ్లగడ్డ, సైకిళ్ల షాపు నంద్యాల. మా సంఘంలో పెద్ద. బతుకంతా సైకిళ్లు బాగుచేసిన ఆ మనిషి రోజూ షాపుకు బస్సులో వెళ్లేవాడు. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఆయన డ్యూటీ ఉన్న రోజున డ్రైవరు వెనక సీటు ఈయనదే.

"సైకిలంగడి పెట్టుకుని బస్సులో వస్తాండావే, సిగ్గు లేదా అన్నా?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

"పండ్ల డాక్టరు తన పన్ను తానే పీక్కుంటాడేందప్పా? బండి పోనీ," అనేవాడు ఆయన.

ఆయన కళ్లజోడుకు ఒక కాడ ఉండేది కాదు. దాని బదులు పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ చెవికి తగిలించుకునేవాడు. ఏ బండి బాగుచేసినా చివరి మర బిగించే ముందు రెండు క్షణాలు కళ్లు మూసుకునేవాడు. తెలియని గిరాకీలు కునుకు తీస్తున్నాడనుకునేవారు. గ్యారంటీ ఎంత అని అడిగితే ఒకే జవాబు: "నా పనికి నేను. నీ ప్రాణానికి దేవుడు. ఇద్దరి పనీ కలపబాకు."

మా సంఘంలో ఏ పెళ్లి జరిగినా ఆయన నాలుగు మాటలు చెప్పాల్సిందే. ఆ నాలుగు మాటలూ పెడళ్ల గురించే. సైకిలుకు కుడి పెడల్ మర అన్ని మరల్లాగే బిగుస్తుందనీ, ఎడమ పెడల్ మర మాత్రం ఎదురు తిప్పితేనే బిగుస్తుందనీ నాకు తెలిసింది పెళ్లి పందిట్లోనే.

"ఏమప్పా పెండ్లికొడకా, ఆయమ్మ నాకు ఎదురు తిరుగుతాందని సంఘానికొచ్చి చెప్పబాకు. ఎడమ పెడల్ ఎదురు తిరగాల. ఇద్దరూ ఒక్క దిక్కే తిరిగినారనుకో, మైలు దూరం పోకముందే ఒకటి ఊడి రోడ్డు మీద పడతాది. పోనీలే, ఎదురు తిరగనీ."

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు. పాస్టరు అయ్యగారు గడియారం వైపు చూసేవారు. ఈయన ఆ చూపును పట్టించుకునేవాడు కాదు.

అయితే ఆయన్ను తలచుకున్నప్పుడు సంఘంలో ఎవరికైనా ముందుగా గుర్తొచ్చే మాట వేరు: "మడమ తిప్పు." మా సీమలో ఈ మాట అనడం తేలిక కాదు. ఇక్కడ మడమ తిప్పడమంటే వెనకడుగు వేయడం, పరువు పోగొట్టుకోవడం. మడమ తిప్పని వంశమని మీసం మీద చెయ్యేసుకునే ఊళ్లు మావి. అలాంటి చోట ఈయన నిండు సంఘంలో పెద్దపెద్దవాళ్లతో ఆ మాట అనేవాడు. ఒకసారి మైకు ఎవరింట్లో ఉండాలనే విషయం మీద ఇద్దరు పెద్దలు మూడు నెలలు మాట్లాడుకోలేదు. కమిటీలో ఈయన లేచి వాళ్లలో ఒకరితో, "మడమ తిప్పప్పా, అయిపోతాది," అన్నాడు.

"మా ఇంట్లో మడమ తిప్పినోడు లేడు," అన్నాడాయన కోపంగా.

"అందుకే మీ ఇంట్లో అందరూ బండితో సహా పడతారు," అన్నాడు ఈయన.

ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థం కావడానికి ఒక తప్పుడు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మాయి అప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. అక్కడి కొందరు పిల్లలతో కలిసి కొండ సైకిలు నేర్చుకుంది. కొండ సైకిలంటే తొక్కేది తక్కువ. బండిని కొండపైదాకా మోసుకుపోయి, రాళ్ల దారిలో కిందికి దిగడం. సీటు మీద కూర్చోకుండా రెండు పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లు వంచి దిగాలి. ఆదివారం ఆరాధన మానదు కాబట్టి శనివారాలు వెళ్లేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకునేదాన్ని. మా ఆయన గిద్దలూరు ఘాటులో బస్సు దింపే మనిషి కాబట్టి ఆయనకు దిగుడంటే లెక్కలేదు.

ఒక శనివారం ఆళ్లగడ్డ అవతలి గుట్ట మీద నుంచి దిగుతుంటే ఆమె పాదం పెడల్ మీద నుంచి ఎగిరిపోయింది. ఆ పెడళ్లకు పట్టు కోసం చిన్న ఇనుప మొలలుంటాయి. అవి ముంగాలిని చీల్చాయి. ఏడు కుట్లు పడ్డాయి. ఆ రోజుతో కొండ చాలన్నాను. అమ్మాయి ఎదురు చెప్పలేదు, కానీ ఇంట్లో పాటలు పాడడం మానేసింది.

ఐదు నెలల తర్వాత కర్ణాటక వైపు కొండల్లో ఒక పోటీ ఉందని, మొదటిసారి ఆడపిల్లలకు విడిగా పెడుతున్నారని చెప్పింది. కాలు పెడల్‌కు అతుక్కుపోయే బూట్లు ఉంటాయని ఎవరో చెప్పగా విన్నాను. కాలు కట్టేసుకుని కొండ దిగడం తలచుకుంటే నాకు అన్నం దిగలేదు. మూడు శుక్రవారాలు ఉపవాసముండి, దాని మనసు మార్చమని ప్రార్థించాను. మూడో శుక్రవారం సాయంత్రం, అమ్మాయి తనకు కావలసిన వస్తువు పేరు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టింది: "క్లిప్‌లెస్ ప్లాట్‌ఫామ్ పెడల్స్."

నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. లెస్ అంటే లేనిదని తెలుసు. ప్లాట్‌ఫామ్ అంటే నంద్యాల స్టేషన్లో ఉన్నదే కదా, వెడల్పుగా, చదునుగా, మనిషి నిశ్చింతగా నిలబడేది. క్లిప్పు లేదు, చదునైనది. నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి.

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు అందుకున్నాను. "నా ప్రభువు నా మొర విన్నాడు. నా బిడ్డ కాళ్లకు బంధకాలు వద్దని అడిగాను. తన నోటితోనే క్లిప్పులు లేని పెడళ్లు కోరుకునేలా చేశాడు," అని చెప్పి, ఆ చీటీని పైకెత్తి చూపించాను. ఆడవాళ్లందరూ హల్లెలూయ అన్నారు. మగవాళ్ల వైపు నుంచి ఒక దగ్గు వినిపించింది. పొలమారినట్టు మొదలై, ఆపుకోలేక, కిటికీ దాకా వెళ్లి ముగిసిన దగ్గు. అది ఆయనదే.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట నన్ను ఆపాడు.

"మ్మా, ఆ చీటీ తీసుకుని రేపు షాపుకాడికి రా. పాపను గూడా పిల్చుకుని రా."

"ఎందుకన్నా?"

"నీ సాక్ష్యానికి చిన్న రిపేరి ఉండాది."

మరునాడు బడికి సెలవు పెట్టి ఇద్దరం వెళ్లాం. ఆయన బల్ల మీద మూడు జతల పెడళ్లున్నాయి. కొత్తవి కావు. నంద్యాల పిల్లల బండ్ల నుంచి ఒక్క పూటకని ఊడదీసి తెచ్చాడట. పక్కనే ఒక జత బూట్లు, బకెట్టు నిండా తడి నల్లరేగడి మట్టి. చీటీ తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"పాప బాగనే రాసింది. నువ్వే బాగ చదవలేదు."

అడుగున ఇనుప బిళ్ల ఉన్న బూటొకటి చేతిలోకి తీసుకుని, బండికి బిగించిన పెడల్ మీద అదిమాడు. టక్కుమంది. "ఇప్పుడు లాగు," అన్నాడు. లాగాను. పెడల్ లేచింది, బండి లేచింది, బూటు రాలేదు.

"ఇదేందన్నా, పట్టుకుంది!"

"పట్టుకుంటాది. దాని పనే అది."

"క్లిప్పు లేదని కదా రాసింది!"

"పేరులో లేదు, పెడల్లో ఉండాది. మునుపు పెడల్ ముందర వేళ్లకు బుట్ట మాదిరి ఒకటి, దానికో తోలు పట్టీ ఉండె. దాన్ని క్లిప్పు అనేటోళ్లు. తర్వాత ఆ బుట్ట పీకేసి, క్లిప్పు లేని పెడల్ అని పేరు పెట్టినారు. అడుగున కొక్కెం పెట్టి మళ్లా పట్టుకున్నారు. ఆ పేరు పెట్టినోడు ఎవడో గానీ, నీతో మైకులో అబద్ధం చెప్పించినాడు."

నేను అమ్మాయి వైపు తిరిగాను. "నన్ను మోసం చేస్తావా నువ్వు?"

"నేనేం మోసం చేసినా మా? అడిగింటే చెప్పేదాన్ని. నువ్వు నేరుగా మైకుకాడికి పోయినావు."

ఆయన మళ్లీ దగ్గబోయి ఆపుకున్నాడు. నేను చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. "వద్దన్నా. కాలు కట్టేసుకుని కొండ దిగడానికి నేను ఒప్పుకోను. పోటీ లేదు, ఏమీ లేదు."

అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఆయన తొందరపడలేదు. "పాపా, ప్యాంటు అంచు పైకెత్తు," అన్నాడు. ఏడు కుట్ల మచ్చ కనిపించింది.

"ఇది యా క్లిప్పు చేసిందమ్మా?"

నేను వంగి ప్యాంటు అంచు కిందికి దించాను.

"ఆ పొద్దు పాప కాలు విడిగానే ఉండె. రాయి తగిలి పెడల్ ఎగిరింది, కాలు ఎగిరిపాయ. విడిగా ఉండేదంతా క్షేమం అనుకుంటాండావు. ఈ కొక్కెం ఉంటే ఆ కాలు ఎగరదు."

"మరి పడితే ఎట్లన్నా? కాలు రాకుంటే?"

"లాగితే రాదు. ఎంత బలవంతుడు లాగినా రాదు. మడమ తిప్పల." తన కాలితో చేసి చూపించాడు. వేళ్లు కదలకుండా మడమ మాత్రం తలుపు తెరిచినట్టు బయటికి జరిగింది. అమ్మాయి బూటు తొడుక్కుని పెడల్ మీద అదిమి, అలాగే తిప్పింది. టిక్కుమని కాలు వచ్చేసింది.

నా దగ్గర ఇంకొక వాదన మిగిలింది. వాక్యం తెలిసినదాన్ని కదా, దాన్నే బయటికి తీశాను. "పట్టుకోవడమే విశ్వాసం కదన్నా. దీవించేదాకా నిన్ను పోనివ్వనని, ఏటి ఒడ్డున తెల్లవార్లూ దేవునితోనే పెనుగులాడిన పితరుణ్ణి చూడు. తల్లిని, నేను పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు?"

ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "దీవించినాక వదిలినాడు కదమ్మా. లేకుంటే ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డునే ఉండేటోడు."

ఆ వాక్యాన్ని పిల్లలకు ఎన్నోసార్లు కథగా చెప్పాను. వదిలిన సంగతి ఒక్కసారీ గమనించలేదు.

తర్వాత బకెట్టు ముందుకు జరిపాడు. "మీరు తిరిగే దారుల్లో వానొస్తే ఈ మట్టే. కాలు కింద పెట్టి మళ్లా ఎక్కినావనుకో, బూటు నిండా ఇదే. ఏ పెడల్ దీన్ని మింగుతాదో అదే మనకు." మూడింటికీ ఒకే పరీక్ష. బూటు అడుగును రేగడిలో ముంచడం, పెడల్ మీద అదమడం. మొదటిది చిన్నది, కొక్కెం తప్ప చుట్టూ చోటే లేదు. "కొక్కెం దొరక్కుంటే కాలు యాడ పెడతాది పాప? ఇది ఎక్కేటోళ్లకు, దిగేటోళ్లకు కాదు," అని పక్కన పెట్టాడు. రెండోది వెడల్పుగా, చూడ్డానికి దిట్టంగా ఉంది. నాకు అదే నచ్చింది. కానీ దాని కొక్కెం లోతుగా ఉంది. మట్టి అందులో ఇరుక్కుని, ఎంత అదిమినా బూటును పట్టలేదు. మూడోది వెడల్పైనదే, కొక్కెం చుట్టూ ఖాళీ ఉంది. అదమగానే మట్టి కిందికి రాలిపోయింది. టక్కుమంది. ఐదుసార్లు ముంచాడు, ఐదుసార్లూ టక్కుమంది.

"ఇట్లాంటిదే తెప్పిస్తా. కాలు కొక్కేనికి దొరికితే పట్టుకుంటాది, దొరక్కపోయినా నిలబడేదానికి చోటుంటాది. పట్టు ఎంత గట్టిగుండాలో ఈ మర చెప్తాది. మొదట బాగా వదులు పెడతా. పాపకు అలవాటైనాక తానే బిగించుకుంటాది." అని నా వైపు తిరిగాడు. "ఇంగ నువ్వు ఎక్కు."

"నేనా?"

"నువ్వే. నువ్వు పడితేగానీ నీ భయం ఎంతుండాదో నీకు తెలీదు."

షాపు వెనక గోడ పక్కన వేరుసెనగ పొట్టు నింపిన గోతాలు పరిచి ఉన్నాయి. ఈ పెడళ్లు అడిగినవాళ్లు ఎవరైనా సరే, ముందు వాటి మీద పదిసార్లు పడి లేవాలి. ఆ తర్వాతే పెడల్ చేతికిచ్చేవాడు. నేను మిడుతూరులో పుట్టి, చిన్నప్పుడు మగపిల్లల సైకిలు అడ్డంగా తొక్కినదాన్నే. చుడిదార్‌లో ఉన్నాను కాబట్టి తప్పించుకోవడానికి సాకు కూడా లేదు. అమ్మాయి విప్పిన ఆ బూట్లు తొడుక్కుని ఎక్కాను. రెండు కాళ్లూ టక్కు, టక్కు. గోడ మీది నుంచి చెయ్యి తీయగానే భయంతో కాలు లాగాను. రాలేదు. బండితో సహా, నరికిన చెట్టులా, గోతాల మీద పడ్డాను.

"ఒకటి," అన్నాడాయన లెక్కపెడుతూ.

నాలుగోసారి పడ్డప్పుడు అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఐదు నెలల తర్వాత ఆ నవ్వు వినడం. ఆరోసారి కోపమొచ్చి, కాలు లాగడం మాని, మడమ తిప్పాను. టిక్. కాలు నేల మీద ఉంది. నేను నిలబడే ఉన్నాను.

"చూసినావా? మైకు గొడవ గూడా ఇంతే," అన్నాడాయన.

తర్వాతి ఆదివారం మళ్లీ మైకు అందుకున్నాను. "పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యంలో పొరపాటుంది. అవి క్లిప్పులు లేనివి కావు, ఉన్నవే. అయినా దేవునికి స్తోత్రం," అన్నాను. మందిరమంతా నవ్వింది, అయ్యగారు కూడా. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

అమ్మాయి నెలన్నర ఆ పెడళ్లతో సాధన చేసింది. గుట్ట కింద ఆయన టీ ఫ్లాస్కుతో కూర్చుని, పైనుంచి దిగుతున్నదాన్ని చూస్తూ, "మడమ! మడమ!" అని అరిచేవాడు. పోటీకి తానూ వస్తానన్నాడు. ఆ ధైర్యంతోనే నేను ఒప్పుకున్నాను.

పోటీకి తొమ్మిది రోజుల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

ఇది దేవుడు పెట్టిన అడ్డమేనని నేను తేల్చేసుకున్నాను. ఆయన లేకుండా పంపేది లేదు. ఆ మాట ఆయన ముందే చెబితే అమ్మాయి ఇక అడగదని, దాన్ని తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖంలో ఒక పక్కతో మాత్రమే నవ్వాడు.

అమ్మాయి వంగి, "ఎడమ పెడల్ ఊడలేదులే మామా," అంది. ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆ దగ్గు నాకు తెలుసు.

"అన్నా, నువ్వు లేకుండా పాపను పంపను. ఈసారికి వద్దు," అన్నాను. ఆయన ప్రార్థన చేయమన్నట్టు కళ్లు మూశాడు. చేశాను. ఆయన కోసం చేశాను, అమ్మాయి కోసం చేశాను. దాని రాకపోకలను, ఎముకలను, నరాలను పేరుపేరునా దీవించమని అడిగి, ఆమేన్ అన్నాను.

కళ్లు తెరిచేసరికి ఆయన నా ముఖం వైపు చూడడం లేదు, నా చేతి వైపు చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూశాను. అమ్మాయి మణికట్టు నా పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. నా వేళ్ల కింద దాని చర్మం తెల్లబడింది. అది లాగలేదు, అలాగే నిలబడి ఉంది.

మంచం చివర దుప్పటి కదిలింది. ఆయన ఎడమ పాదం. వేళ్లు ఉన్నచోటే ఉన్నాయి. మడమ మాత్రం మెల్లగా బయటికి తిరిగింది.

నేను చెయ్యి వదిలాను.

అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి వెళ్లింది. చివరి నుంచి మూడోదిగా వచ్చింది. ఒక మలుపులో పడిందట. "నేనేం చెయ్యలేదు మా, మడమ దానంతటదే తిరిగింది. లేచి మళ్లా ఎక్కినా," అని ఫోనులో అరిచింది. ఆ సంగతి ఆయన చెవిలో నేనే చెప్పాను. దుప్పటి మళ్లీ కదిలింది, ఈసారి రెండుసార్లు. మూడు నెలల తర్వాత ఆయన వెళ్లిపోయాడు. సమాధి దగ్గర అయ్యగారు ఆయన మంచి పోరాటం పోరాడాడని చెబుతుంటే, మైకు కోసం కొట్లాడిన ఆ ఇద్దరు పెద్దలూ పక్కపక్కన నిలబడి ఏడ్చారు. మైకు ఇప్పుడు మందిరంలోనే ఉంటోంది.

చదువుతున్న ప్రియులారా, ఈ శనివారం మా అమ్మాయి మళ్లీ ఒక కొండ ఎక్కుతోంది. ఇప్పుడు తన వెంట నేర్చుకునే ఆడపిల్లలు నలుగురున్నారు. వాళ్ల కోసం, పేరు తెలియని ఆ కొత్త బూట్ల యువకుని కోసం నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. మీరు గట్టిగా పట్టుకుని ఉన్న మనిషి ఎవరైనా ఉంటే, వారి పేరు కూడా చెప్పి దీవెన అడగండి. అడిగి, ఆమేన్ అన్నాక, మీ చేతి వైపు ఒకసారి చూసుకోండి.